మోకు కొస

సౌమ్య చెప్పుల చప్పుడు వాకిట్లో నుంచి వీధిలోకి, వీధిలో నుంచి మలుపు దాకా వినిపించి, అక్కడ ఎవరిదో బండి మోతలో కలిసిపోయింది. ఇక ఇంట్లో మిగిలింది ఇద్దరే, అరవైకి దగ్గరపడ్డ రాజేశం, పదకొండో నెల నడుస్తున్న మనవరాలు ముత్యం, ఇద్దరూ నేల మీదే. ఆయన గోడకు వీపు ఆనించి కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఆమె ఈతచాప మీద బోర్లా పడి, రెండు అరచేతులూ చాపకు ఒత్తి తల పైకెత్తి, సంతకు కొత్తగా వచ్చిన ఆసామిలాగా గదంతా కలయజూస్తోంది. బీడీల కార్ఖానాలో ఈ పూట తునికాకు ఇస్తున్నారని కబురొస్తే కోడలు చుట్టిన బీడీలను మూట కట్టుకుని బయలుదేరింది, గడప దాటి మళ్లీ వెనక్కి వచ్చింది, "మామా, గంటల అస్త. ఏడిస్తే ఊయల్ల ఎయ్యకుండ్రి," అంది, మళ్లీ వెళ్లింది. ఊయల్లో వెయ్యొద్దని సౌమ్య నోటనే వినే రోజు వస్తుందని రాజేశం అనుకోలేదు. ఆ ఊయల, ఆమె పాత ఆకుపచ్చ చీర, ముడివేసి దూలానికి ఎత్తికట్టేసి ఉంది, ఎనిమిది వారాలుగా ఫ్యాను గాలికి ఊగడం తప్ప దానికి మరో పని లేదు.

ఎనిమిది వారాల కిందటి దాకా ఇల్లంతా ఆ ఊయల చుట్టే తిరిగేది. బీడీలు చుట్టే ఇంట్లో పసిపిల్లను కింద ఎక్కడ వేస్తారు, అటు చూస్తే తంబాకు, ఇటు చూస్తే ఆకు ముక్కలు, ఒడిలో కత్తెర, గాలి వీస్తే చాలు కళ్లలో పొడి పడుతుంది. అందుకని సౌమ్య ఊయలకు ఒక తాడు కట్టి దాని కొసను తన కుడికాలి బొటనవేలికి చుట్టుకునేది, చేతులు బీడీలు చుడుతుంటే వేలు పిల్లను ఊపేది, రెండు పనులకూ లయ ఒకటే. ఆమె తల్లి సిరిసిల్లలో సాంచల షెడ్డులో, అంటే కరెంటు మగ్గాల దగ్గర, నూలు కండెలు చుడుతూ ముగ్గురు పిల్లలను ఇట్లాగే కాలివేలితో పెంచింది, ముగ్గురూ ఏడాదికే షెడ్డంతా పరుగులు పెట్టారు. మరి అదే తాడు, అదే వేలు ఇక్కడ ఎందుకు బెడిసికొట్టిందని రాజేశం ఈ గోడకు ఆనుకుని ఎన్ని మధ్యాహ్నాలు ఆలోచించాడో. చివరికి ఒకనాడు తట్టింది. సిరిసిల్లలో రోజుకు నాలుగుసార్లు కరెంటు పోయేది, సాంచలు ఆగేవి, ఆగగానే తల్లులు పిల్లలను కిందికి దింపేవాళ్లు, మళ్లీ కరెంటు వచ్చేదాకా ఆ నేలంతా పిల్లలదే, పొర్లినవాళ్లు పొర్లేవాళ్లు, దేకినవాళ్లు దేకేవాళ్లు. బీడీలకు కరెంటుతో పనేముంది, పొద్దున కూర్చుంటే పొద్దుగూకే దాకా చుట్టడమే. ముత్యానికి కరెంటు తీసేవాడు లేకపోయాడు. ఆ సాంచలు తర్వాత పూర్తిగానే ఆగిపోయాయి, సౌమ్య అన్న మగ్గాల పని వెతుక్కుంటూ భివండీ దారి పట్టాడు, అది వేరే కథ.

తప్పు సౌమ్య ఒక్కదానిదని అంటే రాజేశం ఒప్పుకోడు. పిల్ల ఏడవనే ఏడవదని వాడంతా డప్పు కొట్టింది ఆయనే. కల్లు గీసే తాటిచెట్టు మీద నుంచి పడి తుంటి విరిగిన మనిషిని చూడటానికి ఎంతోమంది వచ్చేవాళ్లు, వచ్చినవాళ్లందరికీ తన కాలు సంగతి రెండు ముక్కల్లో చెప్పేసి మనవరాలి నెమ్మది గురించి పది ముక్కలు చెప్పేవాడు. "మా ముత్యం ఉన్నట్టే ఎరుకగాదు, గంత నిమ్మలం," అని మురిసేవాడు. వాళ్లూ అవునవును అని తలలూపి వెళ్లేవాళ్లు. ఉన్నట్టే తెలియని పిల్లను చూసి మురిసిన తాత ఈ జిల్లాలో తనొక్కడేనేమో. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది, ఆరోగ్యంగా ఉన్న పిల్ల ఉన్నట్టు తెలియాలి, ఇల్లు పీకి పందిరి వేయాలి, అరవాలి, దొర్లాలి, చెంబులు తన్నాలి. ఇదిగో ఇప్పుడు తన్నింది. నీళ్ల చెంబు ఒరిగింది, చాప కొస తడిసింది, ముత్యం ఆ చప్పుడుకు తానే ఉలిక్కిపడి, తర్వాత తన పాదాన్ని గౌరవంగా వెనక్కి చూసుకుంది. "తన్నవే, మల్లొకపారి తన్ను," అన్నాడు రాజేశం, చెంబు లేపకుండానే.

పుట్టినప్పుడు కాగితాల్లో రాయించిన పేరు హన్విత, మస్కట్ నుంచి కొడుకు కరుణాకర్ ఫోనులో పంపిన పేరు. తన నోటికి ఆ పేరు తిరగదని చెప్పి రాజేశం ముత్యం అన్నాడు, నోరు తిరగక కాదు, చచ్చిపోయిన భార్య పేరు ముత్యాలవ్వ, ఆ పేరును రోజుకు వందసార్లు పిలిచే సాకు ఇంకెక్కడ దొరుకుతుంది. కొడుకు వెళ్లేనాటికి సౌమ్యకు నాలుగో నెల. తండ్రి పడ్డ తర్వాత చెట్టు జోలికి పోనన్నాడు, తాటిచెట్టు భయపెట్టిందని దేశం దాటిపోయాడు, అక్కడ వాళ్లు చేతికిచ్చిన పని ఏమిటంటే పద్నాలుగో అంతస్తు మీద ఇనుప గొట్టాల పరంజా ఎక్కడం. ఫోనులో ఆ సంగతి చెప్పి నవ్వాడు, రాజేశం నవ్వలేదు, కానీ ఆ రాత్రి అన్నం తింటూ లోలోపల కాస్త గర్వపడ్డాడు కూడా, ఎంతైనా ఎక్కే ఒళ్లు. సెలవు అడిగితే కంపెనీవాళ్లు వచ్చే ఏడు అంటున్నారట. కూతురిని వాడు ఇంతవరకు అరచేతంత తెర మీద తప్ప చూడలేదు, ఆ తెరలో ముత్యం ఎప్పుడూ ఊయల్లోనే కనబడేది, చుట్టూ ఆకుపచ్చ చీర, మధ్యలో మొహం. బాగానే ఉంది కదా అనుకున్నాడు వాడు. అందరూ అదే అనుకున్నారు.

తొమ్మిదో నెల టీకా కోసం జగిత్యాల తీసుకెళ్తే అక్కడి పిల్లల డాక్టరు ముత్యాన్ని బల్ల మీద పడుకోబెట్టి, కూర్చోబెట్టి, చంకల కింద పట్టి నిలబెట్టి చూశాడట. పడుకోబెడితే పడుకుంది, కూర్చోబెడితే మూటలాగా ఒరిగింది, నిలబెడితే కాళ్లు వేలాడేసింది. ఇంకా బోర్లా కూడా పడలేదా అని అడిగాడట, రెండు నెలలు చూద్దాం, పాకకపోతే హైదరాబాద్ రాసిస్తాను, మెదడుకు తీసే పరీక్షలు చేయించాలి అన్నాడట. ఆ రెండు నెలల గడువు ఎల్లుండి సోమవారంతో తీరిపోతుంది. జగిత్యాల నుంచి వచ్చే బస్సులో సౌమ్య ఎట్లా వచ్చిందో రాజేశానికి తెలియదు గానీ, ఇంట్లోకి రావడం రావడమే పిల్లను ఆయన పక్కన పడుకోబెట్టి, ఆకు కత్తిరించే కత్తెర తీసి ఊయల తాడును తెంపేసింది. ఆ తర్వాత చాలాసేపు తన కాలి బొటనవేలిని చూసుకుంటూ కూర్చుంది, తాడు ఒరుసుకుని అక్కడ కాయ కాసింది. అన్నం తిను బిడ్డా అన్నాడు ఆయన, ఆమె తినలేదు.

ఆ ఆదివారం నౌషీన్ వచ్చింది. పక్కింట్లో సౌమ్యతో కూర్చుని బీడీలు చుట్టే జులేఖాబీ కూతురు, జగిత్యాలలో కీళ్లకూ నరాలకూ వ్యాయామాలు చేయించే చోట పనిచేస్తుంది, ఆదివారం ఆదివారం వచ్చి రాజేశం కాలును ఇటు వంచి అటు వంచి ఆయనతో నానా మాటలు అనిపించుకుని పోతుంది. అట్లాంటి పిల్ల ఆ రోజు కాలు వదిలేసి ముత్యం ముందు చతికిలబడింది. చేతులు పట్టి లాగింది, అరికాలు గోకింది, కడుపు మీద వేళ్లు పెట్టి చూసింది, దూలానికి వేలాడుతున్న చీరను చూసింది. "తాతా, డాక్టర్ సార్ చెప్పిన టైముకు పోవాలె, గది తప్పియ్యద్దు," అంది. "కని ముందుగాల పిల్లను కింద ఏసిండ్రా ఎన్నడన్న? పుట్టిన కాడికెల్లి గాలిల్నే ఉన్నది. దానికి నేలే ఎరుకలేదు." సౌమ్య కళ్లనీళ్లు పెట్టుకోబోతే, "అక్కా, ఏడ్సుడు తర్వాత, చాప తే," అంది.

చాప మీద ఆ రోజు నౌషీన్ చూపించినదంతా రాజేశం కంఠతా పట్టాడు, చదువుకునే రోజుల్లో ఒక్క పద్యం పట్టనివాడు. పాలు తాగి కాస్త అరిగాక బోర్లా వెయ్యాలి, ఎవరో ఒకరు పక్కనే కనిపెట్టుకుని ఉండాలి, మొదట రెండు నిమిషాలు, ఆ తర్వాత నాలుగు, రోజుకు ఎన్నిసార్లు వీలైతే అన్నిసార్లు. ఛాతీ కింద తువ్వాల చుట్టి పెట్టాలి. కాళ్లకు సాక్సులు వద్దు, వేళ్లకు నేల తగలాలి. ఇష్టమైన వస్తువు చేతికి అందీ అందనంత దూరంలో ఉండాలి. మనం నిలబడి పైనుంచి పిలవకూడదు, మన మొహం దాని మొహం ఎత్తులో ఉండాలి. పాదాల వెనుక అరచెయ్యి అడ్డం పెట్టాలి, "నూకకు తాతా, గోడ లెక్క ఉండు, నూకుడు దాని పని." చివరికి ఆయన వైపు తిరిగి, "ఇంట్ల పొద్దంత నేల మీద ఉండేది నువ్వే, దీని మాస్టర్‌వి నువ్వే," అంది. ఆ మాట వేరే ఎవరైనా అని ఉంటే ఎకసెక్కం అనుకునేవాడు. కరుణాకర్ స్నేహితుడి చేత కోరుట్లలో కొనిపించి పంపిన వాకరును, గులాబీ రంగుది, మధ్యలో పిల్లను కూర్చోబెడితే చక్రాల మీద దొర్లేది, నౌషీన్ ముట్టనివ్వలేదు, దాంట్లో వేస్తే కాళ్లు పనిచేయడం నేర్చుకోవు అంది. ఆ లెక్కన ఇంట్లో అప్పటికి రెండు వాకర్లు, పిల్లది ప్లాస్టిక్కు, తాతది ఇనుము. ఒకటి ఆ రోజే జులేఖాబీ ఇంటి అటక ఎక్కింది. "నీది గూడ జల్ది తీసుకపోత," అని నౌషీన్ ఆయన వాకరును తట్టి వెళ్లింది. గదిలో నాలుగు అడుగులు వెయ్యాలన్నా ఆ ఇనుప చట్రమే, గడప దాటాలంటే చట్రాన్ని సౌమ్య అవతల పెట్టాలి, ఆయనను రెక్క పట్టి దాటించాలి. పదహారు నెలలుగా రాజేశం సొంతంగా తన ఇంటి గడప దాటలేదు.

మొదటి వారం నరకం. బోర్లా వేస్తే ముత్యం మొహం చాపకు కొట్టుకుని శాపం తగిలినట్టు ఏడ్చేది, అంత గొంతు ఆ నెమ్మది పిల్లలో ఎక్కడ దాక్కుందో. సౌమ్య చెవులు మూసుకుని వంటింట్లోకి పోయేది. అప్పుడు రాజేశం చేసిన పని ఏమిటంటే, గోడ పట్టుకుని కిందికి జారి, తుంటి కుయ్యోమంటున్నా తానూ బోర్లా పడ్డాడు, ముక్కుకు ముక్కు ఎదురుగా. ముత్యం ఏడుపు ఆపి చూసింది. తన స్థితిలో ఇంకొక మనిషి ఉన్నాడని తెలిస్తే ఎవరికైనా కాస్త ధైర్యమే. చాట పట్టుకుని వచ్చిన జులేఖాబీ గుమ్మంలోనే ఆగి, "యా అల్లా, సౌమ్యా, నీకిప్పుడు ఇద్దరు పిల్లలు," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వనీ. ఆ మధ్యాహ్నమే ముత్యం మెడ వణుకుతూ వణుకుతూ నాలుగు వేళ్ల ఎత్తు లేచింది, లేచి తాతను చూసి చొంగ కార్చింది. పద్దెనిమిదో రోజున దానంతట అది వెల్లకిలా నుంచి బోర్లా పడింది, సౌమ్య ఆ పూట బీడీలు పక్కన పెట్టి పూర్ణం పోలెలు చేసింది, వీధి వీధంతా తిన్నది. అదే వారం కోరుట్ల వెళ్లి వచ్చి దేవుడి పటం కింద అరలో కొబ్బరికాయలు పెట్టింది, పిల్ల మొదటిసారి గడప దాటితే కొట్టాలని. ఒకటి కుళ్లితే ఇంకొకటి ఉంటుందని కాబోలు, రెండు తెచ్చింది. రెండూ పీచు ఆరి అక్కడే ఉన్నాయి, రాజేశం కూర్చున్న చోటు నుంచి చూస్తే కనబడుతూనే ఉన్నాయి, ఎల్లుండి సోమవారం.

ముత్యం ఇప్పుడు గోడకున్న మేకు వైపు చూస్తోంది. అది చూసేది మేకుకు వేలాడే మోకును. తాటిచెట్టుకూ నడుముకూ కలిపి చుట్టుకుని ఎక్కే తాడు, ముప్పై ఏళ్లు ఆయన బరువు మోసింది, పడిన రోజు తెచ్చి అక్కడ వేలాడేశారు. పారేయమని సౌమ్య ఎన్నోసార్లు అంది, దాన్ని చూస్తే గుండె దడ అంటుంది. ఊరంతా మోకు తెగి పడ్డాడనే అనుకుంటారు, రాజేశం ప్రతి ఒక్కరినీ ఆపి ఆపి చెప్పాడు, మోకు తెగలేదు, ముసురు పట్టిన పొద్దు, చెట్టు నాని ఉంది, కాలు జారింది, తప్పు నాది, తాడుది కాదు. గవ్వలు చూపినా గిలక్కాయ చూపినా కదలని ముత్యం ఊయల్లో ఉన్నప్పటి నుంచీ ఆ మోకు వైపే చెయ్యి చాపేదని ముందు కనిపెట్టింది ఆయనే. దాన్ని కిందికి దించమంటే సౌమ్య మొహం మాడ్చుకుని, మూడుసార్లు మరిగే నీళ్లలో ఉడకబెట్టి ఎండేసి మరీ ఇచ్చింది, నీళ్లు మూడుసార్లూ కల్లు రంగులోనే దిగాయి. ఇప్పుడు ఆయన పక్కన పెట్టుకున్న కర్రతో మేకు మీది మోకును లాగాడు, అది ధబ్బున కింద పడింది. ముత్యం ఒళ్లంతా నవ్వింది.

మోకు కొసను దాని చేతికి జానెడు దూరంలో వేశాడు. ముత్యం చెయ్యి చాపింది, అందలేదు, అరచేతులతో చాపను బలంగా నొక్కింది, నొక్కితే ఒళ్లు వెనక్కి పోయింది. రెండు వారాలుగా ఇదే తంతు, ముందుకు పోదామని బయలుదేరి వెనక్కి చేరుతుంది, మోకు దూరమై మొహం చిన్నబోతుంది, రివర్సు గేరు ఒక్కటే పడే ఆటోలాగా. నౌషీన్ అది కూడా మంచిదే అంది, సౌమ్య నమ్మలేదు. రాజేశం కాలు ఈడ్చుకుంటూ దాని వెనక్కి చేరి పాదాల కింద అరచెయ్యి పెట్టాడు. గోడ లెక్క. ఎంత మెత్తటి మడమలు. చెట్టెక్కేవాడి మడమ రాయిలా ఉండాలి, నాన్న అనేవాడు, ఆ మాట వెంట ఈతవనం, పదేళ్ల తను, గట్టు మీద వంగిన పొట్టి ఈతచెట్టు, వెనుక చేతులు కట్టుకుని నిలబడ్డ నాన్న. జారుతున్నాను పట్టుకో అంటే పట్టుకోలేదు. "నేను చెయ్యి వెడితే నీకు చెట్టు పట్టువడది," అన్నాడు, కానీ కింద ఎక్కడ పడతాడో సరిగ్గా అక్కడే నిలబడ్డాడు, ఆ సంగతి చాలా ఏళ్ల తర్వాత గానీ రాజేశానికి తెలియలేదు. చూసేవాళ్లు చేతుల బలంతో ఎక్కుతారనుకుంటారు. కడుపు, ముందు కడుపు బిగియాలి, అది బిగిస్తే తొడ లేస్తుంది, తొడ లేస్తే మడమకు పట్టు దొరుకుతుంది, చేతులు చిట్టచివర. ముత్యం చొక్కా కింద కడుపు వైపు చూశాడు. నేలకు ఆనుకున్న కడుపు, కొద్దిగా, అవును, లేచింది.

ఊపిరి బిగబట్టాడు. కడుపు లేచింది, కుడి మోకాలు దాని కిందికి వచ్చింది, తర్వాత ఎడమది. పిల్ల నాలుగు కాళ్ల మీద నిలబడి ముందుకూ వెనక్కూ ఊగింది, ఒకసారి, రెండుసార్లు, ఆయన అరచేతిలో ఆ మడమలు తన్నిపెట్టాయి, చిన్న తన్ను కాదు, మోచేతి దాకా తెలిసింది. చెయ్యి ముందుకు పడింది. మోకాలు దాని వెంట వచ్చింది. రెండో చెయ్యి. ఆయన చేతిలో మడమలు లేవు, ఖాళీ. ముందుకు. ముత్యం ముందుకు పోయింది. మోకు కొస దొరకబుచ్చుకోబోతుంటే రాజేశం రెండో కొసను మెల్లగా లాగాడు, అది జానెడు జరిగింది, పిల్ల జానెడు జరిగింది, మోకు చాప దిగింది, పిల్ల చాప దిగింది, బండల మీద అరచేతుల చప్పుడు పట పట, ఇంత చక్కటి చప్పుడు ఈ ఇంట్లో ఎన్నేళ్లకు విన్నాడు. మోకును గడప దాకా విసిరి వదిలేశాడు, ఇక లాగేందుకు చేతిలో ఏమీ మిగల్లేదు. పసుపు రాసి బొట్లు పెట్టిన గడప. ముత్యం దాని మీద రెండు చేతులూ వేసింది. జేబులో ఫోను ఉంది, తీసి పట్టాలంటే ఆ గుర్తులు ఎక్కడున్నాయో వెతకాలి, వెతికేలోగా అయిపోతుంది, వద్దు, కళ్లున్నాయి కదా. కడుపు గడప మీదికి ఎక్కింది, కాసేపు అక్కడే త్రాసులాగా ఊగింది, ఇటా అటా, కుడి మోకాలు గడపను పట్టుకుంది, పట్టు అంటే అది, నలభై ఏళ్లు ఎక్కినవాడికి తెలుస్తుంది. అవతలి అరుగు మీద అరచేతులు ఆన్చింది, మిగతా ఒళ్లు దిగింది. దాటింది. రాజేశం మనవరాలు గడప దాటింది.

దాటినది వెనక్కి తిరిగి చూస్తుందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాడు. అది చూడలేదు, వీధి కనబడింది దానికి, పట పట అరుగు మీద పోతోంది, అరుగు చివర రెండు మెట్లు, మెట్ల కింద వాకిట్లో రాళ్లు. వాకరు మంచం దగ్గర ఉంది, మంచం గదికి ఆ మూల. జులేఖాబీ కూడా కార్ఖానాకే పోయింది. పిలిస్తే వినేవాళ్లు లేరు. అంతే, ఆ తర్వాత ఏమైందో రాజేశం వరుసగా చెప్పలేడు, అరచేతులు బండల మీద ఉన్నాయి, మోకాళ్లు కింద ఉన్నాయి, తుంటిలో నిప్పు రగిలింది, రగలనీ, కడుపు బిగించాడు, ముందు కడుపు, గడప పొట్ట కింద గీరుకుంది, అరుగు మీది ఎర్రమన్ను మోచేతులకు చల్లగా తగిలింది, చెయ్యి చాపితే గుప్పిట్లో ఒక మెత్తటి మడమ. పట్టుకున్నాడు. మెట్టు ఇంకా మూరెడు దూరం ఉంది. ఇద్దరూ పొద్దున అలికిన అరుగు మీద అట్లాగే పడి ఉన్నారు, ఒకరు రొప్పుతూ, ఒకరు కిలకిలమంటూ. అప్పుడు గానీ ఆయనకు తట్టలేదు, తానెక్కడున్నాడో. వెనక్కి చూశాడు. గడప అవతల ఉంది.

గర్వం అంటే రొమ్ములో ఉంటుందంటారు గానీ రాజేశానికి అది మోకాళ్లలో, మోచేతుల్లో, నాలుక కింద, అంతటా ఉంది, పసివాడిలా కేక వేయాలనిపించింది, వీధిలో పోయే ఎవరినైనా ఆపి చూడండిరా మా పిల్లను అనాలనిపించింది, నేర్పింది నేనే అని కూడా అనాలనిపించింది, ఎందుకు అనకూడదు. ఫోను తీశాడు. మస్కట్‌లో ఇప్పుడు కరుణాకర్ ఏ గొట్టం మీద ఉన్నాడో. కొడుకు పేరు మీద వేలు పెట్టబోయి ఆగాడు. కరుణాకర్ గడప దాటిన రోజు గుర్తొచ్చింది. ఈ గడపే. అవతల ముత్యాలవ్వ నిలబడి పిలిచిందట, తల్లే పిలవాలి అది పద్ధతి, దాటగానే ఎత్తుకుందట, కొబ్బరికాయ కొట్టి వీధంతా పంచిందట. అంతా అట. తను అప్పుడు చెట్టు మీద ఉన్నాడు. సాయంత్రం దిగి వచ్చాక ఆమె మురిపెంగా చెబుతుంటే సరే సరే అని కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు, మింగుడు పడలేదు, ఎందుకో ఆమెకు చెప్పలేదు. ముప్పై ఏళ్లయింది, ఆ ముద్ద ఇంకా అక్కడే ఉంది. కొడుక్కి ఎటూ ఆ ముద్ద తప్పదు, సముద్రం అవతల ఉన్నాడు. కానీ సౌమ్య. తాడు తెంపేసి వేలు చూసుకున్న సౌమ్య. ఎనిమిది వారాలుగా ఈ చాప చుట్టూ ప్రదక్షిణ చేస్తున్న సౌమ్య ఆకు మూటతో వీధి మలుపు తిరిగి వచ్చేసరికి, నువ్వు లేనప్పుడు అయిపోయింది బిడ్డా అని చెప్పడానికి ఏ నోరు వస్తుంది. ఫోను జేబులో పెట్టేశాడు. "మనకేం ఎరుకలేదు, సరేనా," అన్నాడు ముత్యంతో. ముత్యం ఆయన మీసం పట్టుకుని లాగింది, ఒప్పుకున్నట్టే.

పిల్లను గడప మీదుగా లోపలికి జార్చి, తానూ వచ్చిన దారినే దేకి, చాప చేరాడు. రెండోసారి తుంటి ఏమీ అనలేదు, అలిగిందేమో. చెంబులో మిగిలిన నీళ్లతో తువ్వాల తడిపి ముత్యం అరచేతులు, మోకాళ్లు, గడ్డం, వేళ్ల సందులు అన్నీ తుడిచాడు, ఎర్రటి ఆనవాలు ఒక్కటి లేకుండా. మోకును దగ్గరికి లాక్కుని, గోడకు వీపు ఆనించి కాళ్లు చాపుకుని, ఏమీ ఎరగని మనిషిలా కూర్చున్నాడు. గుండె మాత్రం చెట్టు దిగిన వెంటనే కొట్టుకున్నట్టు కొట్టుకుంటూనే ఉంది. మలుపులో చెప్పుల చప్పుడు. సౌమ్య అరుగెక్కి, ఆకు మూట దించి, లోపలికి తొంగి చూసింది, "ఏడ్సిందా మామా?" అంది.

"లేదు బిడ్డా. గడప అవుతల్నే కూసో. ఒక్కపారి పిలువు," అన్నాడు.

"ఇప్పుడా? సోమారం దాక దాన్నిగ సతాయించకుండ్రి మామా," అంటూనే ఆమె కూర్చుంది. చేతులు చాపి పిలిచింది, "ముత్యమా, దా," అంది, కాగితాల మీది పేరు కాదు, తాత పెట్టిన పేరే. ముత్యం తల ఎత్తి అమ్మను చూసింది. కడుపు లేచింది. ఈసారి రాజేశం అరచెయ్యి పెట్టలేదు, చేతులు రెండూ ఒళ్లో కట్టుకుని కూర్చున్నాడు, పట పట, బండలు, గడప, త్రాసులాగా ఊగడం, కుడి మోకాలి పట్టు. సౌమ్య ఊపిరి తీయడం కూడా మరిచిపోయింది. పిల్ల ఒళ్లోకి వచ్చి పడ్డాక దాన్ని గుండెకు అదుముకుని అటూ ఇటూ ఊగింది. "మామా, సూసిండ్రా," అంది చివరికి. "సూస్తున్న బిడ్డా," అన్నాడు. "నేను లేనప్పుడు జేస్తదేమో అని తొవ్వ పొడుగూత అదే బుగులు," అంది, కళ్లు తుడుచుకుంటూ. "గట్లెట్ల జేస్తది. నీకోసమే ఆగింది," అన్నాడు రాజేశం, చక్కగా, ఎక్కడా తడబడకుండా.

సౌమ్య నవ్వి, పిల్లను చంకనేసుకుని లేచింది. లేచినది అక్కడే ఆగింది. గడప మీది పసుపులో పెద్ద అరచెయ్యి ముద్ర ఉంది, అయిదు వేళ్లూ ఎర్రమన్నుతో. ఆమె చూపు ఆ చేతి నుంచి బండల మీది ఎర్రటి గీతల వెంట చాప దాకా వచ్చి, ఆయన తెల్లపంచె మోకాళ్ల దగ్గర ఆగింది, తర్వాత మోచేతుల దగ్గర. పిల్లవి అన్నీ తుడిచాడు, తనవి మరిచిపోయాడు. రాజేశం చేతులను వీపు వెనక్కి పెట్టుకోబోయి, మరీ చిన్నపిల్లాడి వేషంలా ఉంటుందని మానేశాడు. ఆమె వాకరు వైపు చూసింది, అది మంచం దగ్గరే ఉంది. దేవుడి పటం దగ్గరికి వెళ్లింది, అరలోంచి రెండు కొబ్బరికాయలూ తీసుకుని వచ్చింది. మొదటిది గడప పక్కనున్న రాయి మీద కొట్టింది, నీళ్లు ఎర్రమన్ను మీద పారితే ముత్యం వాటి కోసం వంగింది. రెండోది చేతిలో పట్టుకుని మామ వైపు తిరిగింది.

"గిది ఆ దినమే తెచ్చిన, మీ కోసమని," అంది, ఒకే దెబ్బకు పగలగొట్టి, పెద్ద ముక్క ఆయన ఎర్రటి చేతిలో పెట్టింది.